వీరాస్వామయ్య మజిలీలను మ్యాపు మీద గుర్తించడం ఎలా?

1830 మే 18, మంగళవారం రాత్రి తొమ్మిది గంటలకు ఏనుగుల వీరాస్వామయ్య గారు చెన్నపట్నం విడిచి తండియార్‌పేటలో ఉన్న తమ తోటకు చేరుకున్నారు. ఆయన మద్రాసు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రిటరు. అక్కణ్ణుంచి దాదాపు వందమంది పరివారంతో కదిలి తిరుపతి, కడప, అహోబిలం, శ్రీశైలం, హైదరాబాదు, నాగపూరు, జబల్పూరు, ప్రయాగ మీదుగా కాశీ చేరారు. గయ, కలకత్తా, పూరీ చూసుకుని తూర్పు తీరం వెంట దిగి వచ్చారు. 1831 సెప్టెంబరు 3తో యాత్ర ముగిసింది. పదిహేనున్నర నెలలు పట్టింది. మద్రాసు నుంచి మొదటి ప్రయాణికుల రైలు కదిలింది 1856లో కాబట్టి, ఈ యాత్రంతా పల్లకీలు, బోయీలు, పడవలు, కాలినడక మీదే సాగిందన్నమాట. దారి పొడుగునా చూసినదంతా రాసిపెట్టి మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్ళెకు పంపుతూ వచ్చారు. ఆ రాతలే 1838లో ‘కాశీయాత్ర చరిత్ర’గా అచ్చయ్యాయి. అప్పటికి రెండేళ్ళ క్రితమే, 1836లో, ఆయన కన్నుమూశారు.

ఇంట్లో కంప్యూటరు, కాస్త ఓపిక ఉంటే చాలు, ఈ దారిని మీరే మజిలీ మజిలీగా మ్యాపు మీద పెట్టొచ్చు. చెన్నైలో ఉన్న తెలుగువాళ్ళకైతే మొదటి మజిలీలు ఊళ్ళోనే ఉన్నాయి. పని మొదలుపెట్టే ముందు ఒక్క మాట గట్టిగా పట్టుకోండి. కాశీ దాకా ఎర్రగీత గీయడానికి పది నిమిషాలు చాలు, కానీ ఆ గీత వల్ల ఎవరికీ ఏమీ తెలియదు. ఏ మజిలీ ఖాయంగా దొరికింది, ఏది ఊహ, ఏది అసలు దొరకలేదు అన్నది చూడగానే తెలిసేలా ఉంటేనే ఆ మ్యాపు తర్వాతివాళ్ళకు పనికొస్తుంది. కింద చెప్పే ప్రతి అడుగూ దాని కోసమే.

ముందు పుస్తకం, తర్వాతే మ్యాపు

మూలం తెలుగు వికీసోర్స్‌లో ఉచితంగా చదువుకోవచ్చు. దిగవల్లి వేంకట శివరావు గారు పరిష్కరించిన 1941 ప్రతి దొరికితే ఇంకా మంచిది, ఆ రోజుల పరిస్థితులు అర్థం కావడానికి ఆయన రాసిన విషయాలు చాలా ఉపకరిస్తాయి. మొత్తం పుస్తకాన్ని ఒకేసారి మ్యాపు మీదికి ఎక్కించాలని చూడకండి. ఒక అంచె ఎంచుకోండి. చెన్నపట్నం నుంచి తిరుపతి, లేదా తిరుపతి నుంచి కడప. మీ సొంత జిల్లా దారిలో తగిలితే అక్కణ్ణుంచే మొదలుపెట్టండి. ఊళ్ళ పేర్లు చెవికి పరిచయం ఉన్నవాళ్ళు చేసే పని, నా లెక్కలో, ఏ సాఫ్ట్‌వేరూ చేయలేదు.

మొదటిసారి కథగా చదవండి. రెండోసారి పెన్సిలు పట్టుకుని ఐదు సంగతులకు గుర్తు పెట్టుకోండి: ఊరి పేరు, చేరిన పూట, నడిచిన దూరం, దారిలో తగిలిన ఏరూ కొండా, బసకు దొరికిన సత్రమో గుడో తోపో. వీరాస్వామయ్య గారి గొప్పతనం ఇక్కడే తెలుస్తుంది. ఆ ఊళ్ళో అంగళ్ళున్నాయా, నీళ్ళు మంచివేనా, నేల ఇసుకా రాయా అని తర్వాత వచ్చే యాత్రికుడి కోసం రాసిపెట్టారు. ఆయనకు ఇవి ప్రయాణ సౌకర్యాల వివరాలు. మనకు ఇప్పుడు ఇవే ఆనవాళ్ళు. పేరు మారిపోయిన ఊరిని కూడా ‘ఏటి ఒడ్డున, రాతినేల మీద, పెద్ద చెరువు పక్కన’ అన్న మూడు ముక్కలతో పట్టుకోవచ్చు.

పట్టిక వేసుకోండి

మ్యాపు తెరవకముందే ఒక స్ప్రెడ్‌షీటు తయారుకావాలి. ఒక్కో మజిలీకి ఒక్కో వరస. పగలు వంటకు ఆగిన చోటు, రాత్రి పడుకున్న చోటు వేరువేరుగా వస్తే రెండు వరసలు వేయండి. రోజుకు ఒకటే అని సర్దేస్తే దూరాల లెక్క చెడుతుంది. నిలువు గళ్ళు ఇవీ: వరస సంఖ్య, తేదీ, వారం, డైరీలో ఉన్నది ఉన్నట్టుగా ఊరి పేరు, ఇప్పటి పేరు, మండలం, జిల్లా, అక్షాంశం, రేఖాంశం, డైరీ చెప్పిన దూరం, మ్యాపు మీద దూరం, నమ్మకం, ఆధారం, పుట సంఖ్య.

డైరీలో పేరు ఎలా ఉందో అలాగే ఎక్కించండి. మీకు తప్పుగా కనిపించినా దిద్దకండి. దిద్దుబాటు పక్క గడిలో వేస్తే సరిపోతుంది. పుట సంఖ్య రాయడం బద్ధకమనిపిస్తుంది గానీ నాలుగు నెలల తర్వాత ‘ఈ ఊరు ఎక్కడ చదివాను’ అని వెతుక్కునేటప్పుడు దాని విలువ తెలుస్తుంది.

తేదీల దగ్గర ఎక్సెల్ మొండికేస్తుంది. దాని క్యాలెండరు 1900తో మొదలవుతుంది, 1830 నాటి తేదీని అది తేదీగానే గుర్తించదు. గూగుల్ షీట్స్‌లో డేట్ ఫంక్షన్‌కు 1830 అని ఇస్తే దానికి 1900 కలిపేసి 3730లోకి తీసుకెళ్తుంది. తేలిక మార్గం ఒకటుంది. మనం వాడే క్యాలెండరులో వారాలు 400 ఏళ్ళకోసారి అచ్చంగా తిరిగి వస్తాయి. కాబట్టి 1830 బదులు 2230, 1831 బదులు 2231 వేసి వారం చూసుకోండి. 2230 మే 18 మంగళవారం వస్తుంది, డైరీతో సరిపోతుంది. ఇలా ప్రతి తేదీకీ వారం సరిచూస్తే అచ్చుతప్పులు వాటంతటవే బయటపడతాయి. పుస్తకంలో ఒక వారం, లెక్కలో ఇంకో వారం వచ్చిందంటే అక్కడ తేదీ అంకె మారిందేమోనని ముందూ వెనకా మజిలీలు చూడాలి.

ఫైలును సీఎస్‌వీగా (గళ్ళను కామాలతో విడదీసే మామూలు టెక్స్టు ఫైలుగా) భద్రపరిచేటప్పుడు ‘సీఎస్‌వీ యూటీఎఫ్-8’ అన్నదే ఎంచుకోండి. మామూలు సీఎస్‌వీ ఎంచుకుంటే తెలుగు అక్షరాలన్నీ ప్రశ్నార్థకాలైపోయే ప్రమాదం ఉంది.

మీ ఆమడను మీరే కొలుచుకోండి

డైరీలో దూరాలు ఆమడల్లో ఉంటాయి. ఆమడంటే ఎనిమిది మైళ్ళని కొందరు, పదని కొందరు అంటారు. ఎవరి మాటా పట్టుకోకండి. ఆ పుస్తకంలోంచే ఆమడను రాబట్టండి.

ఎటువంటి అనుమానమూ లేని రెండు పెద్ద ఊళ్ళు తీసుకోండి. వాటి మధ్య డైరీ చెప్పిన దూరాలన్నీ కూడండి. గూగుల్ ఎర్త్ ప్రోలో రూలరు తెరిచి ‘పాత్’ ఎంచుకుని, పాత బాట వంపులు తిరుగుతూ అదే దూరం కొలవండి. మూడు ఆమడలని డైరీలో ఉండి మ్యాపు మీద 38 కిలోమీటర్లు వచ్చిందనుకోండి, ఆ ముక్కలో ఆమడ 12.7 కిలోమీటర్లన్నమాట, అంటే సుమారు ఎనిమిది మైళ్ళు. ఇలాంటి జతలు ఒక్కో అంచెకు ఐదారైనా తీసి సగటు వేసుకోండి. కొండదారిలో ఆమడ వేరు, మైదానంలో వేరు. నడిచేవాడి అలుపును బట్టి కూడా దూరం పెరుగుతుంది కాబట్టి నల్లమలకు ఒక సగటు, తీరానికి ఒక సగటు ఉంచుకోవడం మేలు. ఉత్తరాదికి పోయాక కోసుల లెక్క తగిలితే దానికీ ఇదే పద్ధతి.

గడియల్లో కాలం చెబితే గుణించడం సులువు. రోజుకు అరవై గడియలు, గడియకు 24 నిమిషాలు. పది గడియలు నడిచారంటే నాలుగు గంటలు. ఆ నాలుగు గంటల్లో పల్లకీ మోసే బోయీలు, మూటలతో నడిచే మనుషులు ఎంత దూరం పోగలరో ఆలోచించి చూస్తే, మీరు అనుకున్న ఊరు మరీ దూరమో కాదో తేలిపోతుంది.

ఊరి పేరు పట్టుకోవడం

అసలు పని ఇదే. నాలుగు ప్రకరణాలు చదివేసరికి మీకూ రుచి తెలుస్తుంది.

మొదట సూటిగా వెతకండి. గూగుల్ మ్యాప్స్‌లో ఒకసారి, ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో ఒకసారి. తెలుగు లిపిలోనూ ఇంగ్లీషు అక్షరాల్లోనూ కొట్టాలి. చెన్నై చుట్టుపక్కల మజిలీలైతే తమిళంలోనూ కొట్టండి, మనకు పాళెం అయినది అక్కడ పాళయం. మహారాష్ట్రలోకి దాటాక దేవనాగరి కావాలి. ళకూ లకూ, పేటకూ పేట్‌కూ, వాడకూ వాడీకీ తేడా రావడం మామూలే, ఆ రకాలన్నీ ఒక చీటీ మీద రాసుకుని వరసగా కొట్టండి.

కొత్తపల్లె, రామాపురం, వెంకటాపురం లాంటి పేర్లు జిల్లాకు ఇరవై ఉంటాయి. ఇక్కడ పేరు వదిలేసి దూరం పట్టుకోవాలి. ముందు మజిలీ ఖాయం, తర్వాతి మజిలీ ఖాయం, మధ్యలోది తెలియదు. ముందు ఊరి నుంచి డైరీ చెప్పిన దూరంతో ఒక వలయం, తర్వాతి ఊరి నుంచి ఇంకో వలయం గీయండి. బాట ఎప్పుడూ తిన్నగా పోదు కాబట్టి ఐదో వంతు అటూ ఇటూ వదలండి. రెండు వలయాలూ కలిసే చోట మీరు వెతికే పేరున్న ఊరు ఒకటే ఉంటే దాదాపు పని అయినట్టే. ఇక ఏరు, కొండ, చెరువు డైరీతో సరిపోతున్నాయేమో చూడాలి.

పేరే కనిపించకపోతే ఊరు పోయిందని తేల్చేయకండి. మనుషులు ఖాళీ చేసి వెళ్ళిన ఊళ్ళు రెవెన్యూ లెక్కల్లో బేచిరాక్ గ్రామాలుగా అలాగే ఉండిపోతాయి. సెన్సస్ వాళ్ళ గ్రామాల జాబితాలో మండలం పట్టుకుని పేర్లన్నీ ఒకసారి పైనుంచి కిందికి చదవండి. ఆంధ్రప్రదేశ్ ఊళ్ళకు ప్రభుత్వ భూరికార్డుల సైటు మీభూమిలో గ్రామాల మ్యాపులు కూడా ఉన్నాయి. ఒక్కోసారి పాత మజిలీ పక్కనున్న కొత్త ఊళ్ళో వీధిగానో, చెరువు పేరుగానో, పొలం పేరుగానో మిగిలి ఉంటుంది. చింతతోపు, సత్రం, చావడి, బాట అన్న మాటలు ఊరి పేర్లలోనూ పొలాల పేర్లలోనూ తగిలితే అక్కడ ఆగి చూడండి.

పాత ఇంగ్లీషు మ్యాపుల్లో వెతికేటప్పుడు ఆ రోజుల దొరల చెవి ఎలా విన్నదో ఊహించాలి. శ్రీకాకుళం అక్కడ చికాకోల్, కాళహస్తి కాలస్త్రీ, భీముని పట్నం బిమ్లిపటాం, కంభం కంబమ్, మచిలీపట్నం మసూలిపటాం. ఈ జాబితా ఒకటి మీరే తయారుచేసుకుంటూ పోతే, పది పేర్లు దాటేసరికి పదకొండోది చూడగానే తెలిసిపోతుంది.

పాత మ్యాపును కొత్త మ్యాపు మీద పరవడం

ఇప్పటి శాటిలైటు బొమ్మ మీద 1830 నాటి దారి వెతకడంలో పెద్ద చిక్కు ఉంది. మధ్యలో వచ్చిన మార్పులన్నీ శాశ్వతంగా అక్కడే ఉన్నట్టు కనిపిస్తాయి. శ్రీశైలం తర్వాత వీరాస్వామయ్య గారు కృష్ణ దాటి హైదరాబాదు వైపు సాగారు. శ్రీశైలం ఎగువన ఎక్కడ చూసినా ఇప్పుడు జలాశయమే. 1981లో పూర్తయిన ఆ డ్యామ్ కింద బాటలు, రేవులు, ఊళ్ళు మునిగాయి. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని విప్పి అలంపురం తరలించారు. ఇంకో సంగమేశ్వరం నీళ్ళు బాగా తగ్గిన నెలల్లో మాత్రమే బయటపడుతుంది. గూగుల్ ఎర్త్‌లో కాలం వెనక్కి జరిపే పట్టీ ఉంది కదా అనుకుంటారేమో, దానిలోని లాండ్‌శాట్ ఉపగ్రహం బొమ్మలు 1984 నుంచే. అప్పటికే డ్యామ్ వచ్చేసింది.

అందుకని డ్యాములకు ముందు నాటి మ్యాపు కావాలి. 1950లలో అమెరికా సైన్యం మ్యాపు విభాగం భారతదేశం మొత్తానికి 1:2,50,000 కొలతలో మ్యాపులు వేసింది. టెక్సాస్ విశ్వవిద్యాలయం పెరీ-కాస్తానెడా లైబ్రరీ వాటిని స్కాన్ చేసి ఉచితంగా పెట్టింది. ఊళ్ళు, బండిబాటలు, గుళ్ళు, రేవులు చక్కగా కనిపిస్తాయి. కృష్ణ, గోదావరి దాటే అంచెలకు వీటికి మించిన సాయం నాకు కనిపించలేదు. ఇంకా వెనక్కి పోవాలంటే డేవిడ్ రమ్సీ మ్యాపుల సేకరణలో 18, 19 శతాబ్దాల మ్యాపులు పెద్ద సైజులో చూడొచ్చు. ఇప్పటి ఊళ్ళ వివరాలకు సర్వే ఆఫ్ ఇండియా 1:50,000 ఓపెన్ సిరీస్ మ్యాపులు పీడీఎఫ్‌గా దించుకోండి.

పాత మ్యాపును కంప్యూటరులో సరైన చోట కూర్చోబెట్టడానికి క్యూజీఐఎస్ అనే ఉచిత సాఫ్ట్‌వేరులో జియోరెఫరెన్సర్ ఉంది. మ్యాపు తెరిచి, దాని మీద ఒక బిందువు నొక్కి, అదే చోటును ఇప్పటి మ్యాపులో చూపించాలి. మూడు బిందువులతో లెక్క నడుస్తుంది, కానీ పదికి తగ్గకుండా పెట్టండి, మ్యాపు నాలుగు మూలలకూ మధ్యకూ పరుచుకునేలా పెట్టండి. ఏ బిందువులు తీసుకుంటారన్నదే కీలకం. పాత గుళ్ళు, కోటలు, కొండ శిఖరాలు మంచివి. రోడ్ల కూడళ్ళు వద్దు, అవి జరిగాయి. ఏటి మలుపులు కూడా వద్దు, గోదావరి లంకలను నమ్ముకుంటే మ్యాపు మొత్తం వంకర తిరుగుతుంది. సర్వే చేసి వేసిన మ్యాపుకు ‘పాలినోమియల్ 1’ చాలు. చేత్తో వేసిన పాత పటాలకు ‘థిన్ ప్లేట్ స్ప్లైన్’ వాడండి. ఏ బిందువు దగ్గర ఎంత తేడా వచ్చిందో పట్టికలో కనిపిస్తుంది. ఒక్క బిందువు మాత్రం మిగతావాటికంటే బాగా పక్కకు పోయిందంటే మీరు వేరే ఊరిని నొక్కి ఉంటారు.

చెన్నైవాళ్ళు తప్పక తెలుసుకోవాల్సిన సంగతి ఇక్కడ ఒకటుంది. పాత సర్వే మ్యాపుల అంచుల్లో ఉన్న రేఖాంశాల అంకెలను నేరుగా టైపు చేయకండి. ఆ సర్వేలు దేశం మొత్తానికీ మద్రాసు అబ్జర్వేటరీని ఆధారంగా తీసుకున్నాయి, దాని రేఖాంశం 80 డిగ్రీల 17 నిమిషాల 21 సెకన్లనుకున్నాయి. అది దాదాపు రెండున్నర నిమిషాలు ఎక్కువని తర్వాత తేలింది. మన అక్షాంశం దగ్గర రెండున్నర నిమిషాలంటే నాలుగు కిలోమీటర్ల పైమాటే. ఊరు ఊరే తూర్పుకు జరిగిపోతుంది. 1792లో కట్టిన ఆ అబ్జర్వేటరీ రాతిస్తంభం నుంగంబాక్కంలో వాతావరణ కేంద్రం ఆవరణలో ఇప్పటికీ నిలబడి ఉంది. దాని మీద తమిళంతో పాటు తెలుగులోనూ శాసనం చెక్కారు. ఇంగ్లీషు సైనికాధికారి విలియం లాంబ్టన్ 1802లో సర్వే కోసం మొదటి ఆధారరేఖ కొలిచింది కూడా సెయింట్ థామస్ మౌంట్ దగ్గరే. వీరాస్వామయ్య గారి దారినీ, దాన్ని కొలవడానికి వాడే మ్యాపులనూ కన్నది ఒకే ఊరు.

పిన్‌లు, వలయాలు, చుక్కల గీతలు

పట్టిక సిద్ధమయ్యాక గూగుల్ మై మ్యాప్స్ తెరిచి కొత్త మ్యాపు పెట్టి, సీఎస్‌వీ ఇంపోర్ట్ చేయండి. అక్షాంశం, రేఖాంశం ఏ గళ్ళో అడుగుతుంది, చూపించండి. ఊరి పేరుతో వెతుక్కోమని మాత్రం చెప్పకండి. రామాపురం అంటే అది ఏ రామాపురానికో పోయి పిన్ గుచ్చుతుంది. ఒక మ్యాపులో పది లేయర్లు (పొరలు), ఒక్కో ఇంపోర్ట్‌కు రెండువేల వరసలు పడతాయి, యాత్ర మొత్తానికి ఇది సరిపోతుంది. అంచెకో లేయర్ పెట్టుకోండి. గూగుల్ వద్దనుకునేవాళ్ళకు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ మీద నడిచే యూమ్యాప్ ఉంది, నేనైతే పదిమందితో పంచుకునే మ్యాపుకు దాన్నే ఇష్టపడతాను.

రంగులు ‘నమ్మకం’ గడిని బట్టి రావాలి. పేరు, దూరం, ఆనవాళ్ళు మూడూ కలిస్తే ఆకుపచ్చ. రెండు కలిస్తే పసుపు. ఒక్కటే కలిస్తే పిన్ గుచ్చనే వద్దు. పిన్ చూసినవాళ్ళెవరైనా ‘ఇక్కడే’ అనుకుంటారు. దాని బదులు ఊరు ఉండగలిగిన మేరంతా ఒక పాలిగన్ (చుట్టూ మూసుకున్న హద్దు) గీసి లేత ఎరుపు నింపండి. మీ మ్యాపులో ఎరుపు మేరలు ఎక్కువుంటే సిగ్గుపడాల్సింది లేదు. ఆ జిల్లావాళ్ళు ఎవరైనా చూసి ‘ఇది మా ఊరే’ అని చెప్పడానికి మీరు తలుపు తెరిచి ఉంచారన్నమాట.

గీత చివర్న గీయండి. రెండు మజిలీల మధ్య ‘డైరెక్షన్స్’ అడిగితే గూగుల్ నేషనల్ హైవే మీదుగా తీసుకెళ్తుంది. ఆ దారి ఆయనకు తెలియదు. పాత మ్యాపులో బండిబాట కనిపిస్తే దాని వెంట నిండు గీత, లేకపోతే మజిలీ నుంచి మజిలీకి తిన్నగా చుక్కల గీత. చుక్కలంటే ఆయన ఈ రెండు చోట్లా ఉన్నారు, మధ్య దారి మనకు తెలియదు అని అర్థం. ఈ మాట మ్యాపు వివరణలో రాయండి.

కొండ ఎక్కించి చూడండి, నీళ్ళు తీసేసి చూడండి

గూగుల్ ఎర్త్ ప్రోలో గీసిన పాత్ మీద కుడి నొక్కు నొక్కి ‘షో ఎలివేషన్ ప్రొఫైల్’ అడిగితే దారి ఎత్తుపల్లాలు గ్రాఫుగా వస్తాయి. నల్లమల అంచెకు ఇది తప్పక చేయండి. శివరాత్రికి పాదయాత్ర చేసే భక్తులు ఈనాటికీ వెంకటాపురం, నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను మీదుగా కైలాసద్వారం ఎక్కి శ్రీశైలం చేరతారు. ఆ కాలిబాటను ముందు గీసుకుని, డైరీలోని వర్ణనను పక్కన పెట్టుకుని పోల్చండి. భీముని కొలను దగ్గర గ్రాఫు లోయలోకి దిగి మళ్ళీ నిట్టనిలువుగా లేస్తుంది. డైరీలో ఎక్కడ ఎక్కారో ఎక్కడ దిగారో ఆ గ్రాఫు మీద వేలు పెట్టి చూపించొచ్చు. పుణ్యక్షేత్రాలకు పోయే కాలిబాటలు రోడ్లంత త్వరగా మారవు. శ్రీశైలం, అహోబిలం, సింహాచలం దగ్గర మ్యాపు తేల్చనిది పాదయాత్ర చేసినవాళ్ళు తేలుస్తారు.

తిరుగు ప్రయాణంలో గోదావరి, కృష్ణా డెల్టాలు చూసేటప్పుడు కాలవలన్నిటినీ మనసులోంచి తుడిచేయాలి. ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో ముగిసింది, బెజవాడ ఆనకట్ట 1855కు వచ్చింది. 1831లో ఆయన చూసిన డెల్టా వానకూ వరదకూ వదిలేసిన నేల. ఆ మరుసటి ఏడు, నందన నామ సంవత్సరంలో, గుంటూరు సీమను ఊడ్చేసిన కరువు వచ్చింది. ఇప్పటి పచ్చటి శాటిలైటు బొమ్మ మీద ఆయన మజిలీలు పెట్టేటప్పుడు ఈ సంగతి పక్కన ఒక నోటుగా రాయకపోతే చూసేవాళ్ళు తప్పుగా ఊహించుకుంటారు.

మొదటి మజిలీ కాలినడకన

మ్యాపు మీద చేసిన పని నేల మీద సరిచూసుకోవడానికి చెన్నైలో ఉన్నవాళ్ళకు మంచి అవకాశం ఉంది. తండియార్‌పేట నుంచి, డైరీలో ముందుగా తగిలే మజిలీ అయిన మాధవరం దాకా ఒక ఆదివారం తెల్లవారుజామునే బయలుదేరితే ఎండెక్కేలోపు నడిచేయొచ్చు. ఫోనులో మీ మ్యాపు నుంచి దించుకున్న కేఎంఎల్ ఫైలు తెరిచిపెట్టుకోండి, నడిచిన బాటను రికార్డు చేసే యాప్ ఒకటి ఆన్ చేయండి. పడమటికి తిరిగాక దారిలో బకింగ్‌హామ్ కాలవ తగులుతుంది. ఈ ముక్క 1806లోనే కాక్రేన్ కాలవ పేరుతో ఎన్నూరు దాకా తవ్వారు, అంటే వీరాస్వామయ్య గారు కూడా దాన్ని చూసే ఉంటారు, దాటే ఉంటారు. అదే దారిలో వచ్చే కొరుక్కుపేట రైలు పట్టాలు ఆయన ఎరుగరు. కొడుంగైయూరు దాటి మాధవరం చేరేసరికి పాల కాలనీ వైపు ఇంకా కాస్త చెట్లూ ఖాళీ నేలా మిగిలి కనిపిస్తాయి. ఉత్తరంగా ఉన్న రెడ్‌హిల్స్ జలాశయం ఇప్పటి రూపానికి వచ్చింది 1876లో. కాబట్టి ఆ అంచె గీసేటప్పుడు ఇప్పటి నీటి అంచు చుట్టూ దారి తిప్పకండి.

దారిలో పాత సత్రమో కోనేరో కనిపిస్తే ఫొటో తీసి లొకేషన్‌తో పాటు పట్టికలో ‘ఆధారం’ గడికి ఎక్కించండి. పెద్దవాళ్ళను అడిగేటప్పుడు ‘ఇక్కడ వీరాస్వామయ్య దిగారా’ అని అడిగితే ఎవరికీ తెలియదు. ‘పాత తిరుపతి బాట ఎటు పోయేది తాతా, బళ్ళు ఎక్కడ ఆగేవి’ అని అడగండి. ఆ ప్రశ్నకు వేలు చూపించి మరీ చెబుతారు. చెప్పినవారి పేరు మ్యాపులో పెట్టకండి, ‘స్థానికులు చెప్పింది’ అని ఊరి పేరుతో రాస్తే చాలు.

బెంగుళూరులో ఉన్నవాళ్ళు అటు రాలేకపోతే ఇదే పద్ధతితో ఈస్టిండియా కంపెనీ వైద్యుడు ఫ్రాన్సిస్ బుకానన్ డైరీ పట్టుకోవచ్చు. ఆయన 1800 ఏప్రిల్ 23న మద్రాసు నుంచి కదిలి మైసూరు సీమలోకి వెళ్ళారు. ఆ రాతలు 1807లో మూడు సంపుటాలుగా వచ్చాయి. పంటలు, నేలలు, మగ్గాల వివరాలు అందులో బోలెడు. రోజువారీ తేదీలు ఉన్నాయి కాబట్టి పట్టిక ఇంకా తేలిగ్గా పడుతుంది. ఊళ్ళ పేర్లు మాత్రం దొర చెవితో విన్నవి, ఓపిక పట్టాలి.

భద్రపరచడం

మ్యాపును కేఎంఎల్‌గా దించి, పట్టికను సీఎస్‌వీగా దించి రెండు వేరువేరు చోట్ల ఉంచండి. మ్యాపు సైట్లు వస్తాయి, పోతాయి. పట్టిక ఉంటే మ్యాపు మళ్ళీ వేసుకోవచ్చు, మ్యాపు మాత్రమే ఉంటే ఆధారాలు పోయినట్టే. ఊళ్ళు తేలుతున్న కొద్దీ పాత అభిప్రాయాన్ని చెరిపేయకుండా ‘ముందు అనుకున్న ఊరు’ అని ఒక గడి పెంచి అందులో ఉంచండి, ఎందుకు మార్చారో ఒక వాక్యం రాయండి.

ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో మీ జిల్లా పల్లెలకు తెలుగు పేర్లు లేకపోతే వెతికేటప్పుడే చేర్చేయండి. ఖాతా తెరిచి, ఊరి మీద నొక్కి, తెలుగు పేరుకు ఉన్న గడిలో (name:te) రాస్తే సరి. పట్టిక చెన్నపట్నం నుంచి తిరుపతి దాకా నిండాక దాన్ని ఇంకొకరికిచ్చి, మీరు పెట్టిన ఆకుపచ్చ పిన్‌లు ఒక్కొక్కటీ డైరీతో సరిచూడమనండి. వాళ్ళు ఒప్పుకోని పిన్‌ను పసుపుకు మార్చి, తిరుపతి నుంచి కడప అంచెకు కొత్త లేయర్ తెరవండి.